చిన్న పడవలో సాలీళ్ళు, ఎలుకలు, చీమలు, పాములు: తరచుగా అడిగే ప్రశ్నలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఇంజిన్ పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. పడవలోకి పురుగూ పుట్రా చేరేది ముఖ్యంగా ఆ రెండు నెలల్లోనే. రోజూ నీళ్ళలో తిరుగుతూ, అలల తుంపర తగులుతూ, మనిషి చెయ్యి పడుతూ ఉన్న పడవలో పెద్దగా ఏదీ నిలవదు. ఉప్పాడ, కాకినాడ వైపు ఫైబర్ పడవలవాళ్ళు, కోనసీమ పాయల్లో చిన్న నావలున్నవాళ్ళు, కొల్లేటి ఒడ్డున దోనెలు నడిపేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలివి. జవాబుల్లో నా అభిప్రాయాలూ ఉన్నాయి. ముఖ్యంగా విషపు మందుల విషయంలో నేను గట్టిగానే చెబుతాను.

ఎంత దులిపినా వారం తిరిగేసరికి పడవనిండా మళ్ళీ సాలెగూళ్ళే. ఎందుకు?

తిండి దొరుకుతోంది కాబట్టి. సాలీడు మన కూర కోసమో, చేపల వాసన కోసమో రాదు. దోమలు, చిమ్మెటలు, ఈగలు తిరిగే చోటు చూసుకుని గూడు కడుతుంది. అవి పడవ దగ్గరికి రావడానికి రెండు కారణాలు: వెలుతురు, చెమ్మ. రేవులో మీ పడవ సరిగ్గా దీపస్తంభం కిందే కట్టి ఉందా? రాత్రంతా తెల్లటి ఎల్‌ఈడీ బల్బు వెలుగుతోందా? అయితే ఎన్ని బూజు కర్రలు అరగదీసినా లాభం లేదు. తెలుపు, నీలం కాంతికి పురుగులు బాగా వస్తాయి. పసుపు వెలుతురికి తక్కువ వస్తాయి. కాపలా కోసం దీపం తప్పదంటే పసుపు బల్బు పెట్టి, దాన్ని పడవ మీద కాకుండా కాస్త దూరంగా ఒడ్డున ఉంచండి. వెలుగు పడవ మీద పడితే చాలు, దీపం పడవలోనే ఉండనక్కర్లేదు.

ఆ తర్వాత చెమ్మ. అడుగున నిలిచిన నీళ్ళు, తడి వల, సగం ఎండిన తాళ్ళ కుప్ప ఉన్నచోట చిన్న పురుగులు చేరతాయి. వాటి వెనకే సాలీడు వస్తుంది.

మా నావ ఒడ్డుకు తగలకుండా పాయ మధ్యలో లంగరేసి ఉంటుంది. అక్కడికీ సాలీళ్ళు ఎలా వస్తున్నాయి?

గాలిలో వస్తాయి. పిల్ల సాలీళ్ళు ఎత్తయిన చోటికి ఎక్కి, ఒళ్ళు పైకెత్తి సన్నటి దారం వదులుతాయి. ఆ దారాన్ని గాలి లాగితే దానితోపాటే ఎగిరిపోతాయి. 1832లో బీగిల్ ఓడ దక్షిణ అమెరికా తూర్పు తీరానికి దాదాపు 60 మైళ్ళ దూరంలో ఉండగా, దాని తాళ్ళనిండా వేలకొద్దీ చిన్న చిన్న సాలీళ్ళు వాలడం చార్లెస్ డార్విన్ చూసి రాసుకున్నాడు. సముద్రంలో అంత దూరం వెళ్ళగలిగినవాటికి గోదావరి పాయ ఒక లెక్కా? అందుకే అసలు ఒక్కటీ రాకుండా ఆపాలని చూడకండి. వచ్చినవాటికి తిండీ చోటూ దొరక్కుండా చూస్తే చాలు.

మన పడవల్లో కనిపించే సాలీళ్ళు విషపువా? రాత్రి పడవలో పడుకుంటే చర్మం మీద సాలీడు పాకి బొబ్బలెక్కాయి.

దాదాపు అన్ని సాలీళ్ళకూ ఎంతో కొంత విషం ఉంటుంది, కానీ అది పురుగులను చంపుకోవడానికి. మన ఇళ్ళల్లో, పడవల్లో మామూలుగా కనిపించేవి మనిషి ప్రాణానికి ప్రమాదం తెచ్చేవి కావు. గోడకు అంటుకుని అరచేయంత కనిపించే గోధుమరంగు పెద్ద సాలీడుని చూసి చాలామంది హడలిపోతారు. అది గూడు కట్టదు, వేటాడుతుంది. బొద్దింకలు దానికి ఇష్టమైన తిండి.

ఇక బొబ్బల సంగతి. పొద్దున్న లేచేసరికి మెడ మీదో చేతి మీదో గీత గీసినట్టు ఎర్రగా మండుతూ బొబ్బలొస్తే "సాలీడు పాకింది" అంటారు. చాలాసార్లు ఆ పని చేసేది సాలీడు కాదు, పెడెరస్ అనే చిన్న పురుగు. చీమ కన్నా కాస్త పొడుగ్గా, నారింజ, నలుపు పట్టీలతో ఉంటుంది. వరిచేల దగ్గర ఎక్కువ, రాత్రి దీపాలకు వస్తుంది. అది కుట్టదు, కరవదు. ఒంటి మీద వాలినప్పుడు మనం చెయ్యేసి నలిపితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది. కాబట్టి నలపకుండా ఊదేయండి, లేదా కాగితంతో తీసేయండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో కడగండి, ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకండి. డెల్టాలో కోతల రోజుల్లో పడవలో పడుకునేవాళ్ళు దోమతెర కట్టుకుని, దీపం ఆర్పుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

అయితే సాలీళ్ళను అలా వదిలేయమంటారా?

కొన్నిటిని వదిలేయమంటాను. మనుషులు కూర్చునేచోట, ఇంజిన్ దగ్గర, లైఫ్ జాకెట్లున్న పెట్టెలో, అగ్గిపెట్టె, టార్చిలైటు పెట్టుకునే అరలో ఒక్క గూడూ ఉండకూడదు. పడవ ముక్కు కింద చేతులు పెట్టని చీకటి మూలలో ఒకటీ అరా ఉంటే నాకు అభ్యంతరం లేదు. బల్లి విషయంలోనూ అదే మాట. పడవలో బల్లి ఉందంటే మీ తరఫున దోమలు, ఈగలను తినేది ఒకటి ఉందన్నమాట.

కర్పూరం, వేపనూనె, నిమ్మనూనె, పుదీనా నూనె: ఇవి పనిచేస్తాయా?

కొంతవరకే. 2018లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పుదీనా నూనె కొన్ని జాతుల సాలీళ్ళను దూరం పెట్టింది, నిమ్మనూనె మాత్రం ఏ పనీ చేయలేదు. అదీ గదిలో చేసిన ప్రయోగం. గాలీ ఎండా తగిలే పడవలో ఏ వాసనైనా రెండు మూడు రోజులకు మించి నిలవదు. మూత పడే పెట్టెల్లో పుదీనా నూనె తడిపిన గుడ్డ పెట్టుకోవచ్చు, హాని లేదు. వేపనూనె చెక్క మీద రాస్తే చిన్న పురుగులు కాస్త వెనక్కి తగ్గుతాయి గానీ సాలీడుకు అదేమీ పట్టదు.

నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దు. మూసి ఉన్న కేబిన్‌లో ఆ ఆవిరి పీల్చడం మంచిది కాదు. పుట్టుకతో వచ్చే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకైతే దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఆ లోపం ఎవరికుందో చాలా ఇళ్ళల్లో తెలియనే తెలియదు.

బజార్లో దొరికే పురుగుల స్ప్రే పడవంతా కొట్టేస్తే సరిపోదా?

దయచేసి వద్దు. ఆ డబ్బాల్లో ఎక్కువగా ఉండేది సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పైరెథ్రాయిడ్ మందులు. మనుషులకు తక్కువ మోతాదులో పెద్ద హాని చేయవు గానీ, చేపలకూ రొయ్యలకూ చాలా విషం. పడవలో కొట్టిన మందు అడుగు నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళు తోడి పాయలో పోస్తారు. ఆ పాయ నీళ్ళే పక్కన రొయ్యల చెరువులోకి మోటారుతో తోడుకుంటారు. భీమవరం, కోనసీమ ప్రాంతాల్లో ఇది ఊహించి చెప్పే మాట కాదు, నీళ్ళు నడిచే దారే అది. పైగా మీరు పట్టిన చేప పడేదీ ఆ అడుగు బల్లల మీదే.

ఇంకో ప్రమాదం నిప్పు. స్ప్రే డబ్బాలో వాయువు మండేది. పెట్రోలు ట్యాంకున్న ఇరుకు చోట అది నిండి ఉండగా ఎవరైనా స్విచ్చి వేసినా, బీడీ ముట్టించినా ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

సుద్దముక్కలా గీసే మందు తడి తగిలే పడవలో నిలవదు. గీసిన మర్నాడే అదీ నీళ్ళలోకే పోతుంది.

మరి శుభ్రం ఎలా చేయాలి?

పొద్దున్నే, ఎండ ముదరకముందు. ముందు పొడిగా బూజు దులపండి. గూళ్ళకంటే ముఖ్యం గుడ్ల సంచులు. తెల్లగానో గోధుమరంగుగానో దూదిలా ఉండే చిన్న ఉండలు బల్లల కింద, మూతల అంచుల లోపల, తాళ్ళ ముడుల్లో అంటుకుని ఉంటాయి. ఒక్క సంచిలో వందల పిల్లలుండొచ్చు. దులిపి అక్కడే పడేస్తే మళ్ళీ పడవలోనే పుడతాయి. అందుకే గోనెసంచిలో పోగేసి ఒడ్డు మీదికి దూరంగా తీసుకెళ్ళండి. తర్వాత నీళ్ళతో కడగండి. ఫైబర్ మీద సాలీడు రెట్టల నల్ల, తెల్ల చుక్కలు ఎండిపోతే మొండిగా ఉంటాయి. వాటి మీద తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచి నానబెట్టి, గిన్నెలు తోమే సబ్బుతో మెత్తటి స్పాంజితో రుద్దండి. ఇనుప పీచుతో రుద్దితే పైపూత గీతలు పడి, ఆ గీతల్లో మురికి ఇంకా ఎక్కువ పడుతుంది. చివర మంచినీళ్ళు పోసి, పడవను రోజంతా తెరిచి ఆరనివ్వండి. ఆరబెట్టడం దగ్గరే చాలామంది తొందరపడతారు. సాయంత్రం వానొస్తుందేమోనని తడిగానే టార్పాలిన్ కప్పేస్తారు. అలా కప్పితే పొద్దుటి శ్రమంతా వృథా.

ఇంజిన్‌లోకి సాలీళ్ళు, కందిరీగలు దూరితే నిజంగా నష్టమా?

నిజంగానే నష్టం. పురుగుల్లో నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. పడవ వెనక బిగించే మోటారు నడుస్తున్నప్పుడు పక్కనుంచి సన్నటి ధారగా నీళ్ళు చిమ్మాలి. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు తిరుగుతున్నాయనడానికి గుర్తు అదే. మట్టిగూడు కట్టే కందిరీగకు ఆ రంధ్రం సరిగ్గా సరిపోతుంది. వారం పాటు మోటారు కదలకపోతే దాన్ని మట్టితో పూడ్చేస్తుంది. అప్పుడు ధార రాదు. నీళ్ళు తిరగడం లేదో, రంధ్రం మూసుకుందో మీకు తెలియదు. రంధ్రంలోకి నైలాన్ గాలపు దారం నెమ్మదిగా పోనిచ్చి శుభ్రం చేయండి. ఇనుప తీగ వద్దు, లోపల గీసుకుపోతుంది. అయినా ధార రాకపోతే ఇంజిన్ ఆపి మెకానిక్‌కు చూపించాల్సిందే.

పెట్రోలు ట్యాంకు గాలి పీల్చే రంధ్రం కూడా అలాంటిదే. అది మూసుకుంటే ట్యాంకులోంచి పెట్రోలు సరిగా రాదు, ఇంజిన్ కాసేపు నడిచి ఆగిపోతుంది. సాలీడు దారం అంత పని చేస్తుందా అని నవ్వేవాళ్ళకు ఒక సంగతి: 2011లో మాజ్దా కంపెనీ అమెరికాలో వేలాది కార్లను వెనక్కి పిలిపించింది. పసుపురంగు సాలీళ్ళు ట్యాంకు గాలిగొట్టంలో గూళ్ళు కట్టడమే కారణం. 2014లో మళ్ళీ పిలిపించింది.

పడవ పక్కన పెట్టే రోజుల్లో ఈ రంధ్రాలకు సన్నటి జాలీ గుడ్డ కట్టండి. గాలి ఆడాలి, పురుగు దూరకూడదు. అట్ట, చింకిగుడ్డ కుక్కితే తీయడం మర్చిపోయి స్టార్ట్ చేసే ప్రమాదముంది. అందుకే కట్టిన ప్రతిచోటా ఎర్రటి రిబ్బను ముక్క వేలాడదీయండి. అన్నట్టు, ఈ కందిరీగ తన మట్టిగూట్లో పిల్లల తిండికోసం దాచేది సాలీళ్ళనే. సాలీళ్ళు తగ్గితే ఇదీ తగ్గుతుంది.

చీమలు?

దారి తెంచేయండి. పడవ మీదికి వాలిన కొబ్బరి మట్ట, మామిడి కొమ్మ, ఒడ్డు నుంచి వేసిన పలక, లంగరు మోకు, వీటి మీదుగానే వస్తాయి. కొమ్మ కొట్టేయండి, లేదా పడవను పక్కకు జరపండి. మోకు మీద జానెడు మేర గ్రీజు పూయండి. దుమ్ము పట్టగానే మళ్ళీ పూయాలి.

బొద్దింకలు వల పెట్టెలోనూ, ఐసు పెట్టె కిందా ఉన్నాయి.

చాలావరకు ఒడ్డు నుంచి మనమే తెచ్చుకుంటాం. కిరాణా కొట్టు అట్టపెట్టెలు, కోడిగుడ్ల అట్టలు, పాత గోనెలు. వాటి మడతల్లో గుడ్ల తిత్తులుంటాయి. సరుకును ఒడ్డు మీదే డబ్బాల్లోకి మార్చుకుని, అట్టలు పడవెక్కనివ్వకండి. ఉన్నవాటికి బోరిక్ యాసిడ్, గోధుమపిండి, పంచదార కలిపి ఉండలు చేసి, మూతకు చిన్న రంధ్రాలు పెట్టిన డబ్బాల్లో ఉంచండి. తడిస్తే పనిచేయదు కాబట్టి ఎత్తున, పొడిగా ఉండేచోట పెట్టాలి. పిల్లల చేతికి, చేపలకు తగలకూడదు. ఫలితం రెండు వారాలకు గానీ కనిపించదు, ఓపిక పట్టండి.

ఎలుకలు వలలు కొరికేస్తున్నాయి. ఏం చేయాలి?

నైలాన్ వల ఎలుకకు తిండి కాదు. దానికి పట్టిన చేప వాసన కోసం, అందులో ఇరుక్కున్న పొట్టు కోసం కొరుకుతుంది. ఒక్క రాత్రిలో వేల రూపాయల వల పాడవుతుంది. బాగు చేసుకునే ఆడవాళ్ళ, మగవాళ్ళ చేతుల కష్టం లెక్కే ఉండదు. కాబట్టి వలను మంచినీళ్ళలో జాడించి, పూర్తిగా ఆరబెట్టి, వీలైతే నేలకు తగలకుండా వేలాడదీయండి. ఎత్తున కట్టిన వల వేలాడే తాడుకు నూనె డబ్బా రేకును గుండ్రంగా కోసి గొడుగులా దూర్చండి.

కట్టేసిన పడవకూ అదే ఉపాయం. పెద్ద ఓడల మోకులకు గుండ్రటి రేకులుండడం విశాఖ, కాకినాడ పోర్టుల్లో చూసే ఉంటారు. అవి ఎలుకల కోసమే. చిన్న పడవకు అన్నం పళ్ళెమంత రేకు చాలు, గాలికి జారకుండా రెండు వైపులా ముడి వేయండి. ఎలుక ఈదగలదు కూడా, అందుకే రేకు ఒక్కటే సరిపోదు. పడవలో అన్నం మెతుకు, చేప తల, ఎర ముక్క మిగలకూడదు. బొటనవేలు దూరే సందు ఏదైనా ఉంటే రేకు కొట్టి మూసేయండి. బోను గానీ, స్ప్రింగు ఉచ్చు గానీ పెట్టి రోజూ పొద్దున్నే చూడండి.

వల సంగతి ఒకెత్తు, జబ్బు సంగతి మరొకెత్తు. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. మనవాళ్ళు ఎలుక జ్వరం అంటారు. కాలికి చిన్న గాయముండి, ఆ అడుగు నీళ్ళలో నిలబడితే చాలు. చలిజ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెర్రబడడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. డాక్టరుకు "పడవలో ఎలుకలున్నాయి, ఆ నీళ్ళలో పనిచేశాను" అని మీరే చెప్పండి. వాళ్ళు అడగకపోవచ్చు. తొలిరోజుల్లో మందు పడితే తగ్గే జబ్బు, ముదిరితే కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. ఎలుకలున్న పడవ అడుగు కడిగేటప్పుడు బూట్లు, చేతి తొడుగులు వేసుకుని, బ్లీచింగ్ కలిపిన నీళ్ళతో ఒడ్డు మీదే కడగండి.

ధాన్యంలో పెట్టే గుళికలు పడవలో పెట్టి మూస్తే ఎలుకలు, పురుగులు అన్నీ పోతాయంటున్నారు.

ఎవరు చెప్పినా వినకండి. సెల్ఫాస్ పేరుతో దొరికే అల్యూమినియం ఫాస్ఫైడ్ గుళిక తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది. పడవలో తేమ లేని మూల ఉండదు. ఆ వాయువు పీల్చినవాళ్ళను కాపాడే విరుగుడు లేదు. ఇళ్ళల్లో ధాన్యం పక్క గదిలో పడుకున్నవాళ్ళు కూడా చనిపోయారు. కేబిన్‌లో ఒక మనిషి నిద్రపోయే పడవలో దాని పేరే ఎత్తకూడదు.

బోర్లించిన పడవ కింద పాములు, తేళ్ళు చేరతాయని భయం.

భయపడాల్సిందే, జాగ్రత్తా పడాల్సిందే. నేలకు ఆనించి బోర్లించిన పడవ కింద నీడ, చల్లదనం, కప్పలు, ఎలుకలు అన్నీ ఉంటాయి. పాముకు ఇంకేం కావాలి? పడవను సిమెంటు దిమ్మెల మీద మోకాలెత్తున పెట్టి, కిందంతా వెలుతురు పడేలా చేయండి. చుట్టూ గడ్డి కోసేయండి. తాళ్ళు, బుట్టలు, పాత టార్పాలిన్ దాని కింద కుక్కకండి. వరదల తర్వాత గోదావరి, కృష్ణా ఒడ్డున ఇది మరీ ముఖ్యం, నీళ్ళు ఎక్కినప్పుడు పాములు మెట్టకు చేరతాయి.

ఎత్తేటప్పుడు ముందు కర్రతో పడవ మీద నాలుగు దెబ్బలు కొట్టి, కాసేపాగి, మీకు ఎదురువైపు అంచు పైకి లేచేలా ఎత్తండి. లోపల ఏదైనా ఉంటే మీ కాళ్ళ మీదికి కాకుండా అటు పోతుంది. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, పసరు పోయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ ఒకే ఇంజెక్షన్ పనిచేస్తుంది. పామును పట్టుకుని తీసుకెళ్ళక్కర్లేదు.

ఎర్రతేలు కుడితే చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, పిల్లలకు ప్రాణాపాయం కావచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ప్రజోసిన్ అనే మాత్ర ఈ కాటుకు ఎలా పనిచేస్తుందో చూపించాక మరణాలు బాగా తగ్గాయి. అంటే మంత్రం కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్తే బతికే అవకాశం ఎక్కువ.

వాడని పడవలో వాన నీళ్ళు నిలిస్తే ఏమవుతుంది?

డెంగీ దోమ పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వెనకభాగం కాస్త పల్లంగా ఉండేలా వాల్చి, అడుగున నీళ్ళు పోయే బిరడా తీసేయండి. గుడ్లు తడి ఆరినా నెలల తరబడి బతికుంటాయి కాబట్టి నీళ్ళు పారబోశాక అంచులను బ్రష్షుతో రుద్దాలి. ఊళ్ళో శుక్రవారం డ్రై డే చేసేటప్పుడు పూలకుండీలతో పాటు ఒడ్డున ఉన్న పడవలు కూడా చూడమని ఆశా కార్యకర్తకు చెప్పండి.

మాది చెక్క నావ. చెదలు, తొలిచే పురుగుల సంగతి?

ఒడ్డు మీద చెదలు, ఉప్పునీళ్ళలో టెరిడో. టెరిడోను ఓడపురుగు అంటారు గానీ నిజానికి అది ఆల్చిప్పల జాతి. సూది మొనంత రంధ్రం చేసుకుని చిన్నప్పుడే లోపలికి పోతుంది, లోపలే పెరుగుతూ సొరంగాలు తవ్వుతుంది. పైన చూస్తే చెక్క బాగానే ఉంటుంది. సుత్తితో తట్టి బోలు శబ్దం వినండి, అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవరు మొన గుచ్చి చూడండి. ఉప్పునీటి రేవులోనే ఎప్పుడూ ఉంచకుండా అప్పుడప్పుడూ ఒడ్డెక్కించి బాగా ఎండనివ్వడం, వీలున్నచోట పాయ పైకి మంచినీళ్ళలోకి తీసుకెళ్ళి కొన్నాళ్ళు కట్టడం దానికి పడదు.

చెదలు పట్టకూడదంటే చెక్కకు మట్టి తగలకూడదు. దిమ్మెల మీద పెట్టి, వాటి మీదుగా పాకే మట్టి గొట్టాలు వారానికోసారి చూసి చెరిపేయండి. పలాస వైపు దొరికే జీడిగింజ తొక్క నూనె చెక్కకు మంచి రక్షణ. చర్మాన్ని కాలుస్తుంది, తొడుగులు లేకుండా ముట్టుకోకండి. బాగా ఆరిన చెక్కకే రాయాలి.

టార్పాలిన్ గట్టిగా కప్పాలా, వదులుగా కప్పాలా?

మధ్యలో ఒక గడ కట్టి, ఇంటికప్పులా వాలుగా వేయండి. రెండు చివర్లా గాలి ఆడే సందు వదిలి దానికి దోమతెర గుడ్డ కుట్టించండి. టైలరుకు గంట పని. నీళ్ళు నిలిచే గుంటలు టార్పాలిన్ మీద ఉండకూడదు. నల్లరంగు టార్పాలిన్ కింద ఎండలో వేడెక్కి ఫైబర్ పూతకే దెబ్బ, లేతరంగు వాడండి.

నిషేధం అయ్యాక మొదటిరోజు వేటకు ముందు ఏం చూసుకోవాలి?

ముందురోజే పడవ దగ్గరికి వెళ్ళండి. తెల్లవారుజామున చీకట్లో ఇవన్నీ చూడలేరు. లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ విప్పి దులిపి, ఎలుక కొరికిన దారాలున్నాయేమో లాగి చూడండి. వైర్లకు పంటి గాట్లుంటే బ్యాటరీ తగిలించకముందే మార్పించండి. ఎర్ర రిబ్బన్లన్నీ విప్పి జాలీ గుడ్డలు తీసేయండి. ఒడ్డు దగ్గరే ఇంజిన్ పది నిమిషాలు నడిపి, నీళ్ళ ధార ఆగకుండా వస్తోందా చూసుకోండి. ధార సన్నబడితే ఆ రోజు వేట మానుకుని ఇంజిన్ విప్పించండి.